గిటారు మెట్ల కింద ఏ చెట్టుంది?

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్ అందుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. పాశ్చాత్యులు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు కట్టి వాయించే ఆ వాద్యాన్ని ఆయన ఐదు ఒంటి తీగలకు మార్చుకున్నారు. గుల్లగా ఉండే మామూలు మాండొలిన్‌లో నాదం త్వరగా ఆరిపోతుంది, గమకం నిలవదు. అందుకే నిండు చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండొలిన్ ఆయన చేతిలో కర్ణాటక సంగీత వాద్యమైంది. నిర్మాణంలో అది ఎలక్ట్రిక్ గిటారుకు తోబుట్టువు. రెండింటికీ నిండు చెక్క ఒళ్లు, మెడ మీద లోహపు మెట్లు, తీగల కింద అయస్కాంతాలు ఉంటాయి.

ఆ చెక్క ఏ చెట్టుది? ఒకప్పుడు ఈ ప్రశ్న వాద్యం చేసేవాడికీ వాయించేవాడికీ మధ్యనే ఉండేది. ఇప్పుడు ఓడరేవులకూ న్యాయస్థానాలకూ చేరింది. ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్లలో వాడే కొన్ని చెక్కలు అంతర్జాతీయ ఒప్పందాలు కాపాడుతున్న చెట్లవి. వాటిలో ముఖ్యమైనది మన తూర్పు కనుమల్లోనూ పెరిగే జిట్రేగి. కొన్నిచోట్ల దాన్ని ఇరుగుడు అంటారు. వ్యాపారంలో ఇండియన్ రోజ్‌వుడ్, శాస్త్రంలో డాల్బెర్జియా లాటిఫోలియా. చెట్టు నిలబడి ఉన్నప్పుడు ఆకునో పువ్వునో చూసి పేరు చెప్పవచ్చు. కోసి, చిత్రిక పట్టి, మెరుగు పెట్టిన చెక్కను చూసి చెప్పడం ఎలా? కస్టమ్స్ అధికారి, వడ్రంగి, సంగీతకారుడు, అడవిని కాచే బీట్ ఆఫీసరు, అందరికీ ఈ జవాబు కావాలి. ఆ జవాబు చెప్పే శాస్త్రానికి వేసిన పునాదుల్లో గోదావరి జిల్లాల వాటా ఉంది.

ఒక వాద్యంలో ఎన్నో అడవులు

ఎలక్ట్రిక్ గిటారులో చెక్కతో చేసే భాగాలు ప్రధానంగా మూడు: ఒళ్లు, మెడ, మెడ మీద అతికించే ఫింగర్‌బోర్డు. ఒంటికి మహాగని, ఆల్డర్, యాష్ వంటివి వాడతారు. మెడకు మేపుల్ గానీ మహాగని గానీ. లోహపు మెట్లను దిగగొట్టే ఫింగర్‌బోర్డుకు రోజ్‌వుడ్, ఎబొనీ, మేపుల్. ఒక్క వాద్యంలో మధ్య అమెరికా మహాగని, ఉత్తర అమెరికా మేపుల్, దక్షిణ భారతపు జిట్రేగి కలిసి ఉండటం మామూలే.

ఫింగర్‌బోర్డు పలుచని పలకే అయినా దాని పని కఠినం. ఉక్కు తీగలు రోజూ ఒరుసుకుంటాయి, వేళ్ల చెమట ఇంకుతుంది. మెత్తని చెక్క అయితే గుంటలు పడుతుంది. జిట్రేగి, ఎబొనీల చేవ గట్టిది, బరువైనది. చెట్టు ఎదిగేకొద్దీ మాను నడిమి భాగంలోని కణాలు చనిపోతూ తమలో రంగు పదార్థాలు, జిగుర్లు, నూనెలు నింపుకుంటాయి. అలా ముదిరిన భాగమే చేవ. ఆ పదార్థాల వల్ల పురుగు త్వరగా పట్టదు, వార్నిష్ వేయకపోయినా చెక్క మన్నుతుంది. ఆ పదార్థాలే చెక్క ఆనవాలు కూడా పట్టిస్తాయని తర్వాతి కాలపు రసాయన శాస్త్రం చూపించింది.

అంతర్జాతీయంగా ఈ చెట్లకు అండ సైటీస్ అనే ఒప్పందం. అంతరించే ప్రమాదమున్న జంతువులూ మొక్కలూ దేశాల మధ్య చేతులు మారడాన్ని అది అదుపు చేస్తుంది. 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది, 1975 జూలై 1న అమల్లోకి వచ్చింది, 1976లో భారతదేశం అందులో చేరింది. దాని మొదటి అనుబంధంలో ఉన్న జాతులతో వ్యాపారం దాదాపుగా నిషిద్ధం. రెండో అనుబంధంలో ఉన్నవాటికి అనుమతి పత్రాలు కావాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో మొదటి అనుబంధంలో చేరింది. మన శేషాచలం, వెలికొండ ప్రాంతాల్లో ప్రధానంగా పెరిగే ఎర్రచందనం 1995లో రెండో అనుబంధానికి వెళ్లింది. పెద్దాకు మహాగని 2003లో, మడగాస్కర్ ఎబొనీ జాతులు 2013లో అదే జాబితాలో చేరాయి.

బ్రెజిల్ వంతు అయ్యాక మన వంతు

1950ల నాటి పేరుమోసిన అమెరికన్ గిటార్లకు బ్రెజిల్ రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డులు వేశారు. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ మోడల్ 1952లో వచ్చింది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ 1954లో మేపుల్ మెడతో మొదలై, ఆ దశాబ్దం చివరికి రోజ్‌వుడ్‌కు మారింది. అట్లాంటిక్ తీరపు అడవులు తరిగిపోతుంటే 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేసింది. అప్పుడు గిటారు తయారీదార్ల చూపు దక్షిణ భారతం మీద పడింది. అకౌస్టిక్ గిటార్లలో పెద్ద పేరున్న మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. నాటి నుంచీ ప్రపంచంలో ఎక్కడ రోజ్‌వుడ్ గిటారు మోగినా, అది భారతదేశపు చెట్టుదయ్యే అవకాశం ఎక్కువ.

జిట్రేగి నిదానంగా పెరిగే చెట్టు. చిక్కుడు కుటుంబానికి చెందినది, వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. నరికినా వేళ్ల నుంచి పిలకలు వేయగలదు. అయితే ఫింగర్‌బోర్డుకు పనికొచ్చేటంత చేవ పట్టాలంటే దశాబ్దాలు పడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది.

2016లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం వన్యప్రాణి నేరాలపై ఒక నివేదిక ఇచ్చింది. 2005 నుంచి 2014 దాకా ప్రపంచవ్యాప్తంగా పట్టుబడిన వన్యజీవ సరుకు విలువలో రోజ్‌వుడ్ వాటా 35 శాతమని తేల్చింది. ఏనుగు దంతం వాటా అంతకంటే తక్కువ. అదే ఏడాది జోహనెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ సమావేశం డాల్బెర్జియా ప్రజాతిని మొత్తంగా రెండో అనుబంధంలోకి తెచ్చింది. 2017 జనవరి 2 నుంచి అది అమలైంది.

విడివిడిగా కొన్ని జాతులను చేర్చకుండా ప్రజాతినంతా ఎందుకు చేర్చారు? కోసిన చెక్కలో జాతిని జాతి నుంచి విడదీయడం ఓడరేవు గుమ్మంలో నిలబడ్డ అధికారికి సాధ్యం కాదు కనుక. ఒక జాతిని కాపాడి దాని పోలికలున్న మరో జాతిని వదిలేస్తే, కాపాడిన దాన్ని వదిలేసిన దాని పేరుతో దాటిస్తారు. గుర్తించే శక్తి ఎంతవరకు ఉందో అదే చట్టానికి హద్దులు గీసింది.

అడ్డకోత చూపే నిజం

చెక్కను పట్టి చూసేవాళ్లలో చాలామంది మొదట రంగు చూస్తారు. రంగు నమ్మదగ్గ సాక్షి కాదు. ఎండ తగిలితే ముదురుతుంది లేదా వెలుస్తుంది. నూనె రాస్తే మారుతుంది. తెల్ల చెక్కకు నల్ల రంగు ఎక్కించి ఎబొనీగా అమ్మడం పాత పద్ధతి. పొడవునా కనిపించే గీతల అందం కూడా చాలదు, ఒకే మానులో రెండు పలకలు రెండు రకాలుగా ఉంటాయి.

అసలు చూడవలసింది అడ్డంగా కోసిన ముఖం. వరిగడ్డి కట్టను అడ్డంగా కోస్తే పరకల రంధ్రాలు ఎలా కనిపిస్తాయో, మానును అడ్డంగా కోస్తే నీటిని మోసిన దారునాళాల నోళ్లు అలా కనిపిస్తాయి. పదునైన బ్లేడుతో చిన్న చోట నున్నగా కోసి, తడిపి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కంటికి ఆనించి చూడాలి. నాళాలు పెద్దవా చిన్నవా? విడివిడిగా ఉన్నాయా, రెండు మూడు కలిసి వరుస కట్టాయా? వాటి చుట్టూ లేతరంగు మృదుకణజాలం రెక్కల్లా చాచుకుందా, అలలుగా కలిసిపోయిందా, సన్నని దారాల్లా నాళాలతో సంబంధం లేకుండా సాగిందా? మాను నడిమి నుంచి బెరడు వైపు సాగే దవ్వరేఖలు ఎంత సన్నం? ఈ ప్రశ్నలకు వరుసగా జవాబులు రాసుకుంటూ పోతే సాధ్యమైన చెట్ల జాబితా కుదించుకుపోతుంది. ప్రపంచంలోని చెక్క శాస్త్రజ్ఞుల సంఘం గట్టి చెక్కలకు 1989లో ఇలాంటి 163 లక్షణాల పట్టిక తయారు చేసింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలోని ఇన్‌సైడ్‌వుడ్ అనే ఉచిత భాండాగారం ఆ లక్షణాల ఆధారంగానే పనిచేస్తుంది.

జిట్రేగిలో దారునాళాలు విడివిడిగానూ రెండు మూడు కలిసిన వరుసలుగానూ ఉంటాయి. వాటి చుట్టూ ఉన్న లేతరంగు కణజాలం పక్కకు సాగి, తోటి నాళాల కణజాలంతో కలిసి అలల గీతలు కడుతుంది. బెరడుకు సమాంతరంగా కోసిన ముఖాన్ని ఏటవాలు వెలుగులో చూస్తే సన్నని అడ్డచారలు కనబడతాయి. కణాలు అంతస్తులుగా, వరుస తప్పకుండా పేర్చి ఉండటం వల్ల వచ్చే చారలు అవి. డాల్బెర్జియాకూ, ఎర్రచందనం చెందిన టెరోకార్పస్ ప్రజాతికీ అవి మంచి ఆనవాలు.

ఈ ఒక్క ఆనవాలే రెండు నల్ల చెక్కల తగవు తీరుస్తుంది. ఎబొనీ డయాస్పైరస్ ప్రజాతిది. మన బీడీ ఆకు చెట్టు తునికి కూడా ఆ ప్రజాతిదే, ఆంగ్లంలో దాన్ని కోరమాండల్ ఎబొనీ అనే పిలుస్తారు. క్లారినెట్లకు వాడే ఆఫ్రికా బ్లాక్‌వుడ్ మాత్రం డాల్బెర్జియా. రెండూ నల్లగా, బరువుగా ఉంటాయి. బ్లాక్‌వుడ్‌లో అంతస్తుల చారలు ఉంటాయి, ఎబొనీలో ఉండవు. ఎబొనీ అడ్డకోతలో మృదుకణజాలం అతి సన్నని గీతలుగా మాత్రమే కనిపిస్తుంది.

గిటారు దగ్గర చిక్కేమిటంటే అడ్డకోత ముఖం అంత తేలిగ్గా దొరకదు. ఒళ్లంతా రంగూ లక్కరూ కప్పేసి ఉంటాయి. ఫింగర్‌బోర్డు చివర, ఆఖరి మెట్టు దాటాక కనిపించే అంచు ఒక అవకాశం. తీగలను తలభాగం దగ్గర ఆపే నట్ తీస్తే రెండో అంచు కనిపిస్తుంది. తీగల కింది అయస్కాంతాలు, అంటే పికప్‌లు, బిగించిన గుంటల లోపల కొన్నిసార్లు రంగు పడని చెక్క ఉంటుంది. వాద్యాన్ని గాయపరచకుండా ఇంతే చూడగలం. భూతద్దంతో ప్రజాతిని నమ్మకంగా చెప్పవచ్చు. జాతిని చెప్పాలంటే చాలాసార్లు అది చాలదు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌లో నాళాలు సాధారణంగా జిట్రేగిలో కంటే తక్కువగా, ఎడంగా ఉంటాయి. తూచి చూసిన సాంద్రత మరో సూచన. ఇవి అనుమానాన్ని బలపరుస్తాయి, తీర్పు ఇవ్వలేవు.

నీళ్లలో పడేస్తే

చేవలోని పదార్థాల దగ్గరికి వెళ్లడం తర్వాతి మెట్టు. దీనికి మొదటి పాఠం మన అడవుల్లోనే దొరుకుతుంది. యేగిస చెట్టు చేవతో చేసిన గ్లాసులో నీళ్లు పోసి ఉంచితే పసుపు గోధుమ రంగు దిగుతుంది, వెలుగుకు పట్టి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. చెక్కలోని కొన్ని పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, కనిపించే నీలి కాంతిగా వదలడం వల్ల వచ్చే మెరుపు అది. దాన్ని ప్రతిదీప్తి అంటారు.

యేగిసలాగే టెరోకార్పస్ ప్రజాతికి చెందిన ఎర్రచందనం వేరుగా నడుచుకుంటుంది. దాని ఎరుపుకు కారణం శాంటలిన్. అది చల్లని నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరిగి చిక్కని ఎరుపు ఇస్తుంది. బాగా చేవ పట్టిన ఎర్రచందనం ముక్క నీళ్లలో మునుగుతుంది. బరువు, అడ్డకోత, కషాయం రంగు కలిపి చూస్తే చెక్‌పోస్టు దగ్గరే చాలా అనుమానాలు తీరతాయి. జపాన్‌లో మేలురకం షామిసెన్ వాద్యాల మెడకు ఎర్రచందనమే వాడుతూ వచ్చారు. అంటే కడప, తిరుపతి కొండల చెట్టుకూ ప్రపంచ సంగీతానికీ మధ్య పాత బంధమే ఉంది. ఈ చెక్కకు పోలికలున్న ఆఫ్రికా జాతి టెరోకార్పస్ టింక్టోరియస్ 2019లో సైటీస్ జాబితాలో చేరింది.

రోజ్‌వుడ్‌ల విషయంలోనూ ఈ పద్ధతి పనికొచ్చింది. అమెరికాలోని మాడిసన్‌లో ఉన్న అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌నూ దాని పోలికలున్న డాల్బెర్జియా స్ప్రూసియానానూ సాంద్రత ఆధారంగా, నీటిలోనూ ఆల్కహాల్‌లోనూ తీసిన కషాయాల ప్రతిదీప్తి ఆధారంగా విడదీసే దారి చూపించారు. ఇందుకు కావలసింది కొద్దిపాటి రంపపు పొట్టు, ఒక అతినీలలోహిత దీపం.

సామర్లకోట తోట, వాల్తేరు ప్రయోగశాల

ఏ పరీక్షకైనా ముందు ఒక పని జరిగి ఉండాలి. ఏ పేరు ఏ చెట్టుదో సందేహానికి తావు లేకుండా స్థిరపడాలి. జిట్రేగికి ఆ పని చేసినవాడు సామర్లకోటలో ఉద్యోగం చేసిన స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి ఆయన సామర్లకోటలో ఉండి అక్కడ ఒక వృక్షశాస్త్ర తోట పెంచాడు. మిరియాలు, నీలి, చెరకు పంటలపై ప్రయోగాలు చేశాడు. చుట్టుపక్కల మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత రంగుల బొమ్మలు గీయించాడు. తెలుగువాళ్లు ఆ చెట్లను పిలిచే పేర్లనూ రాసుకున్నాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి బదిలీ అయ్యాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 రంగుల చిత్రాలతో లండన్‌లో అచ్చయింది.

జిట్రేగి, తునికి, యేగిస, మూడింటికీ ఇప్పుడు వాడే శాస్త్రీయ నామాలు ఆ గ్రంథంలోనివే. ఆ పేర్ల చివర నేటికీ రాక్స్‌బర్గ్ పేరును సంక్షిప్తంగా చేరుస్తారు. జర్మనీ ఓడరేవులో ఒక అధికారి ఫింగర్‌బోర్డు పలకల అనుమతి పత్రం తిరగేస్తే, అందులోని జాతి పేరు మూలం గోదావరి తీరంలో మొదలైన పనిలో ఉంటుంది. ఆ చిత్రాలు గీసిన తెలుగు చేతుల పేర్లు చరిత్రలో నిలవలేదు. వాళ్ల కంటి చూపు మాత్రం ప్రతి ఆకు ఈనెలోనూ నిలిచింది.

రెండో పునాది రసాయన శాస్త్రం. 1930లలో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన శాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన ఆచార్య టి.ఆర్. శేషాద్రి జీవితమంతా మొక్కలు తయారు చేసే రంగులనూ చేవ పదార్థాలనూ చదివారు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లాక కూడా ఆ పని సాగింది. సిస్సూ చెట్టు చేవలోని డాల్బెర్జిన్ నిర్మాణాన్ని వి.కె. అహ్లూవాలియాతో కలిసి 1957లో ప్రకటించారు. జిట్రేగి చేవలోని లాటిఫోలిన్ మీద కూడా ఆయన బృందం పనిచేసింది. 1960లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

యాభై ఏళ్ల తర్వాత ఆ జ్ఞానానికి ఊహించని ప్రయోజనం కలిగింది. లండన్‌లోని క్యూ వృక్షోద్యానం శాస్త్రజ్ఞులు బ్రెజిల్ రోజ్‌వుడ్ చేవలో డాల్నిగ్రిన్ అనే పదార్థాన్ని కనుగొని, ఆ జాతిని గుర్తించే ఆనవాలుగా 2010లో ప్రతిపాదించారు. డాల్బెర్జిన్, లాటిఫోలిన్ చెందిన నియోఫ్లావనాయిడ్ల కుటుంబంలోదే ఇదీ. చేవ తనను తాను కాపాడుకోవడానికి కూడబెట్టుకున్న రసాయనమే అడవిని కాపాడేవాళ్లకు సాక్ష్యమైంది.

యంత్రాల చూపు

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం ఆష్‌లండ్‌లో వన్యప్రాణి నేరాల కోసమే ఒక ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. అక్కడ డార్ట్ అనే పద్ధతి వాడతారు. గోరంత చెక్క పేడును వేడి వాయువు ధారలో పెడితే దాని నుంచి లేచిన అణువులు విద్యుదావేశం పొంది ద్రవ్యరాశి మాపకంలోకి వెళ్తాయి. ఏ బరువు అణువు ఎంత ఉందో కొన్ని సెకన్లలో పట్టిక వస్తుంది. పేరు తెలిసిన నమూనాల పట్టికలతో పోల్చి జాతిని అంచనా వేస్తారు. డాల్బెర్జియా జాతులను ఈ పద్ధతితో విడదీయవచ్చని 2012 నుంచి ఆ ప్రయోగశాల పరిశోధకులు చూపిస్తూ వచ్చారు.

మాడిసన్ ప్రయోగశాల తయారు చేసిన జైలోట్రాన్ మరో దారి. అది అడ్డకోతను ఫొటో తీసి, శిక్షణ పొందిన కంప్యూటర్ ప్రోగ్రాముతో పోల్చి పేరు సూచిస్తుంది. నిపుణుడు లేని చెక్‌పోస్టులో ఇది అక్కరకు వస్తుంది. డీఎన్‌ఏ పరీక్ష మీద ఆశలు ఎక్కువే ఉన్నా, ఎండిన చేవలో డీఎన్‌ఏ ముక్కలై ఉంటుంది. చేవలోని పదార్థాలు పరీక్షకు అడ్డుపడతాయి. పాత గిటారు చెక్కలో అది అన్నిసార్లూ దొరకదు.

ఈ పద్ధతులన్నిటికీ ఒకటే ఆధారం: పేరు కచ్చితంగా తెలిసిన చెక్క నమూనాల భాండాగారం. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో అలాంటి పెద్ద సేకరణ ఉంది. బెంగళూరులోని చెక్క శాస్త్ర, సాంకేతిక సంస్థ కూడా చెక్క గుర్తింపు పని చేస్తుంది. పోల్చడానికి నిజమైన నమూనా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమూ నోరు విప్పదు.

ఆరు మిల్లీమీటర్ల తగవు

జాతి తేలినంత మాత్రాన చిక్కు తీరదని చెప్పే కేసు మన చెక్క మీదే నడిచింది. అమెరికాలో 1900 నాటి లేసీ చట్టాన్ని 2008లో సవరించి, విదేశంలో అక్కడి చట్టాన్ని మీరి సేకరించిన చెక్కను దిగుమతి చేసుకోవడం నేరమని చేర్చారు. ఆ చట్టం కింద గిబ్సన్ కంపెనీలో 2009లో మడగాస్కర్ ఎబొనీ విషయమై సోదా జరిగింది. 2011 ఆగస్టు 24న భారతదేశం నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకల విషయమై మళ్లీ సోదా జరిగింది.

అవి ఏ చెట్లవన్న సందేహం అక్కడ లేదు. తగవు మందం మీద. భారతదేశం కోసిన చెక్క ఎగుమతిని నిషేధించి, 6 మిల్లీమీటర్ల లోపు పలుచని పొరలను అనుమతించింది. ఫింగర్‌బోర్డుకు కోసిన పలకలు సుమారు 10 మిల్లీమీటర్లు. అవి పలకలా, పొరలా, వాద్య భాగాలా? 2012 ఆగస్టులో ఒప్పందంతో కేసు ముగిసింది. కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాతో పాటు అడవుల పరిరక్షణకు 50 వేల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. భారతీయ చట్టంలో ఆ పలకల వర్గీకరణపై స్పష్టత లేదని అంగీకరించి, భారత్ నుంచి వచ్చిన చెక్కను అధికారులు కంపెనీకి తిరిగి ఇచ్చారు.

ఇలాంటి పత్రాల చిక్కులు వాద్యకారులనూ బాధించాయి. డాల్బెర్జియాపై 2017 నియమం వచ్చాక ఫెండర్ కంపెనీ తన మెక్సికో గిటార్లలో రోజ్‌వుడ్ మానేసి పౌ ఫెర్రో అనే చెక్క వాడింది. కచేరీలకు వెళ్లే సంగీతకారుల ఇబ్బందులు చూసి 2019 నవంబరు 26 నుంచి సైటీస్ సడలింపు ఇచ్చింది. రెండో అనుబంధంలోని డాల్బెర్జియాతో తయారైన పూర్తి వాద్యాలకు, బిగించడానికి సిద్ధమైన వాటి భాగాలకు ఇప్పుడు సైటీస్ అనుమతి పత్రం అక్కర్లేదు. తయారు కాని పలకకు కావాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఈ సడలింపు లేదు. అందుకే హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు సంగీతకారుడు 1960 నాటి గిటారు భుజాన వేసుకుని విమానం ఎక్కేముందు, దాని మెట్ల కింద ఉన్నది బ్రెజిల్ చెట్టా భారతీయ చెట్టా అన్నది తేల్చుకోవాలి. 1992కు ముందు చెక్క అని రుజువు చూపే పత్రాలు జాగ్రత్త చేసుకోవాలి.

చెవి ఏమంటుంది?

ఇంతకీ అరుదైన చెక్క వల్ల నాదం మెరుగవుతుందా? ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగ కదిలితే దాని కింది అయస్కాంత క్షేత్రం మారుతుంది, అయస్కాంతం చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. స్పీకరుకు చేరేది ఆ కరెంటే. తీగ శక్తి మెడలోకీ ఒంట్లోకీ ఎంత జారిపోతుందన్న దానితో నాదం నిలిచే తీరు కొంత మారవచ్చు. చెక్క ప్రమేయం అంతవరకే.

చెక్క ప్రమేయం ఇంకా ఎక్కువ ఉండవలసిన అకౌస్టిక్ గిటార్లతో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే తయారీదారు చేత ఒకే నమూనాలో ఆరు గిటార్లు చేయించారు. వెనక పలక, పక్క పలకలు మాత్రం వేర్వేరు చెక్కలు. వాటిలో బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్, చవకైన సపేలీ కూడా ఉన్నాయి. 52 మంది గిటారు వాద్యకారులు మసక గదిలో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని, చెక్క కనిపించకుండా వాయించారు. నాదానికి వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అరుదైన చెక్కకు మనమిచ్చే విలువలో చెవి కంటే కంటి వాటా, పేరు వాటా ఎక్కువని ఈ ఫలితం సూచిస్తోంది.

మన వీణ ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. బొబ్బిలి వీణ, నూజివీడు వీణ పనస చెక్కతో చేస్తారు. పనస పెరటి చెట్టు. కాయలు ఇచ్చినన్నాళ్లు ఇచ్చి, ఆపైన వీణ అవుతుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు ప్రపంచానికి వినిపించిన వాద్యం అదే. గిటారు లోకంలోనూ మార్పు మొదలైంది. టేలర్ కంపెనీ 2011లో కామెరూన్‌లో ఎబొనీ మిల్లు కొనుగోలులో భాగస్వామి అయ్యాక, పూర్తిగా నల్లగా లేని చారల ఎబొనీని కూడా వాడటం మొదలుపెట్టింది. నల్లని చేవ కోసం చెట్లు కొట్టి, చారలున్నవాటిని అడవిలో వదిలేసే అలవాటుకు అది విరుగుడు.

మన దగ్గర ఏం చేయాలి?

రాజమహేంద్రవరానికి కలపతో పాత బంధం ఉంది. ఎగువ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి టేకు, వెదురు దించిన ఊరిది. అడితులున్నాయి, సామిల్లులున్నాయి, చెక్క వాసన పట్టి పేరు చెప్పే పాత మేస్త్రీలున్నారు. ఊరి శివారు దివాన్‌చెరువులో రాష్ట్ర అటవీ అకాడమీ ఉంది. చెక్కను గుర్తించే విద్యకు ఇంతకంటే అనువైన చోటు రాష్ట్రంలో అరుదు. పది రెట్ల భూతద్దం, బ్లేడు, అతినీలలోహిత టార్చి, పేరు తెలిసిన ముప్పై నలభై చెక్క ముక్కల పెట్టె ఉంటే ఒక పాఠం మొదలుపెట్టవచ్చు. బీట్ ఆఫీసర్లకు, అడితిదార్లకు, వాద్యాలు చేసే వడ్రంగులకు కలిపి నేర్పాలి. మేస్త్రీకి తెలిసిన వాసన, బరువు, ఉలి కింద చెక్క నడిచే తీరు శాస్త్రజ్ఞుడి పట్టికలో చేరాలి. శాస్త్రజ్ఞుడికి తెలిసిన కణజాలం మేస్త్రీకి అందాలి.

వాద్యం కొనేవాళ్లు చేయగలిగిందీ ఉంది. బిల్లు మీద రోజ్‌వుడ్ అనో ఎబొనీ అనో రాస్తే చాలదు, ఏ జాతో, ఏ దేశానిదో రాయించుకోవాలి. చెప్పలేని అమ్మకందారు దగ్గర ఖరీదైన చెక్క కొనకూడదు. అరుదైన చెక్క కావాలని అడగడం మానితే వడ్రంగికి పనస, మేపుల్ వంటివి వాడే ధైర్యం వస్తుంది. పొలం గట్ల మీద జిట్రేగి నాటే రైతుకు, అది తన చెట్టేనని రుజువు చేసుకుని అమ్ముకునే సులువైన దారి ప్రభుత్వం చూపాలి. చెక్కను సరిగ్గా గుర్తించగలిగితే పెంచిన చెట్టునూ దొంగిలించిన చెట్టునూ వేరుగా చూడటం మొదలవుతుంది. అది లేనప్పుడు నిజాయితీగా పెంచినవాడూ దొంగతో పాటే అనుమానపు వరుసలో నిలబడాలి.

సామర్లకోటలో ఒక వైద్యుడు, పేరు తెలియని చిత్రకారులు రెండు వందల ఏళ్ల కిందట మన చెట్లకు ప్రపంచం గుర్తించే పేర్లు పెట్టించారు. ఆ పేర్లను చెక్కలో చదవగలగడం ఇప్పుడు మన పని. అడవి పక్కనే బతికేవాళ్లకు ఆ చదువు వస్తే చట్టానికి కాళ్లు వస్తాయి, చెట్టుకు కాపు దొరుకుతుంది, సంగీతం ఎవరి అడవినీ దోచుకోకుండా సాగుతుంది.